తెర పక్కన పీట

మూడో గంట మోగగానే హాల్లో దీపాలు వెనక వరుస నుంచి ముందుకు ఒక్కొక్కటే ఆరుతూ వచ్చాయి, దగ్గులూ కుర్చీల కిర్రుకిర్రులూ ఒక్కసారి పెరిగి సద్దుమణిగాయి, రంగం ఎడమ పక్కన, రంగులేసిన అట్టతలుపు వెనకాల చిన్ని తన పొట్టి పీట మీద సర్దుకుని కూర్చుని, నీలం కాగితం చుట్టిన బుల్లి దీపం కింద పుస్తకం తెరిచి, మొదటి మాట కింద చూపుడువేలు ఆనించింది. అరవై రెండేళ్ళ మనిషిని చిన్ని అని పిలిచేది ఇప్పుడు లోకంలో అక్క ఒక్కతే. కళోత్సవం వాళ్ళందరికీ ఆమె గుసగుసమ్మగారు. నటులు మాట మరిచిపోతే తెర చాటు నుంచి అందించడం ఆమె పని. ఈ నగరంలో కళోత్సవం మొదలైన ఏడు కూర్చుంది ఈ పీట మీద, ఇవాళ నలభయ్యో ఉత్సవం, పీట కాళ్ళు రెండుసార్లు మార్చారు గానీ మనిషిని మార్చలేదు. నలభయ్యోది కాబట్టి మొదటి ఏడు మొదటి సాయంత్రం ఆడిన నాటకాన్నే మళ్ళీ ఆడాలని కమిటీ వాళ్ళు పట్టుబట్టారు. గంటసేపటి నాటకం, ఇద్దరే మనుషులు, కుట్టుపని చేసి బతికిన ఒక తల్లీ ఆమె కూతురూ. అప్పుడు కూతురి వేషం వేసింది అక్క. ఇప్పుడు తల్లి వేషం వేస్తోంది.

తెర లేచింది. అక్క కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది, వీపు హాలు వైపు, అలా వీపుతో మొదలుపెట్టడం అక్కకే చెల్లింది, ఒక్క మాటా లేకుండా అరనిమిషం ఆ వీపే మాట్లాడుతుంది. చిన్ని వేలు కదల్లేదు. ఇందాక మేకప్ గదిలో అక్క జుట్టుకి తెల్లరంగు పూసుకుంటూ, పూయడానికి పెద్దగా ఏమీ మిగల్లేదని నవ్వుకుంటూ, ఆ నవ్వులోనే అద్దంలోంచి చిన్ని కళ్ళలోకి చూసి అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది.

"నువ్వు ఇవాళ ఒక్క మాట అందించావంటే, ఇదే నా ఆఖరి నాటకం. చెప్తున్నా."

అక్క ఉత్తినే అనే మనిషి కాదు. ఒకప్పుడు పెదనాన్న ఇంటి గడప తొక్కనంది, తొమ్మిదేళ్ళు తొక్కలేదు, ఆయనే వచ్చి బతిమాలుకునే దాకా. పంచదార మానేస్తానంది, ఆ రోజు నుంచి ఈ రోజుకీ మనవరాలి పుట్టినరోజు కేకు కూడా ముట్టదు. చిన్నికి ఆ మాట విన్నప్పుడు కోపమే వచ్చింది. అందించకుండా ఉండడానికైతే నన్నెందుకు కూర్చోబెట్టడం అందామనుకుని, తెల్లరంగు చెవి మీద పడిందని తుడిచి వచ్చేసింది.

అక్క ఇప్పుడు ఇటు తిరిగింది. మొదటి మాట అనేసింది, రెండోది, మూడోది, గొంతు బాగుంది, వేలు దాని కింద దానంతటది నడుస్తోంది. ఈ వేలికి చిన్నితో పనిలేదు. ఇన్నేళ్ళలో అది సొంతంగా చదవడం నేర్చుకుంది, చిన్ని ఇంట్లో పాలు పొయ్యి మీద పెట్టి వచ్చానా అని ఆలోచిస్తున్నా, నాలుగో వరుసలో మొగుడు అప్పుడే కునుకు తీస్తున్నాడా అని తొంగిచూస్తున్నా, అది మాత్రం వరుస తప్పదు. తీస్తున్నాడు. మూడో గంటకీ మొదటి మాటకీ మధ్య నిద్రపోగలిగే మనిషి ఆయనొక్కడే. తపాలా ఆఫీసులో ముప్పై రెండేళ్ళు ఉత్తరాలు వేరుచేసి వేరుచేసి, ఎక్కడ కూర్చోబెట్టినా కళ్ళు మూసుకునే వరం సంపాదించుకున్నాడు. ప్రతి ఏడూ అదే కుర్చీ, ప్రతి ఏడూ అక్కర్లేని చోట చప్పట్లు. పెళ్ళైన కొత్తలో, ఇంట్లో మైకు మింగినట్టు మాట్లాడతావు, అక్కడికెళ్తే గుసగుసలా, ఆ రెండోదాన్ని ఇంటికి తీసుకురావే అని ఏడిపించేవాడు. తీసుకురాలేదు. గుసగుస ఇల్లు నడిపించదు.

గుసగుస అంటే అందరికీ చులకన గానీ, దాని పని దానిది. మాట మొత్తం అందించకూడదు, మొదటి రెండు ముక్కలే. 'స' అక్షరం పళ్ళ మధ్య నుంచి జారి మూడో వరుస దాకా పాకుతుంది, కాబట్టి దాన్ని నాలుక వెనక్కి మింగెయ్యాలి. అన్నిటికన్నా ముఖ్యం, నటుడు ఊపిరి లోపలికి తీసుకునే క్షణంలో అందించాలి, ఆ క్షణంలో తనకి అది బయట నుంచి వచ్చినట్టే ఉండదు, తనకే గుర్తొచ్చిందనుకుంటాడు. ఎంతమంది ఆ ధీమాతో గుండెలు విరుచుకుని బయటికొచ్చి, ఇవాళ ఒక్క మాట పోలేదండీ అన్నారో. చిన్ని తలూపేది. అవునండీ, ఒక్కటి కూడా పోలేదు. ఆ అబద్ధం ఆమెకి ఎప్పుడూ చేదనిపించలేదు. పైగా లోలోపల ఒక చిన్న తీపి.

పళ్ళ డాక్టరమ్మాయి వచ్చింది రంగం మీదికి. కూతురి వేషం ఆ పిల్లది. పొద్దున్నంతా జనం నోళ్ళలో చేతులు పెట్టి, సాయంత్రం ఇక్కడ మాటలు చెప్తుంది, చురుకైన పిల్ల, గొంతు కొంచెం పైకి వెళ్తుంది గానీ దిద్దుకుంటుంది. కథ తెలిసిందే. తల్లి కుట్టుకొట్టు ఉన్న భవనాన్ని రేపు కూలుస్తారు, సామాను లారీకెక్కుతోంది, ఈ అట్టతలుపు వెనక ఉన్నట్టు చూపించే లోగది అప్పటికే ఖాళీ చేసేశారు, కూతురికి ఆ పాత మిషను బరువు, అమ్మేద్దామంటుంది. తల్లి ససేమిరా అంటుంది. అంతే నాటకం. ఆ ససేమిరా మీద గంట నిలబడుతుంది.

రిహార్సల్లో చిక్కొచ్చింది కూడా అక్కడే. వేరే వాళ్ళు మాట మరిచిపోతే ఖాళీగా నిలబడతారు. అక్కకి ఖాళీ రాదు. అక్కకి పాత వేషం పైకొస్తుంది. ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు వేసిన కూతురు, ఆ మాటలన్నీ ఎముకల్లో ఉండిపోయాయి, తల్లి మాటలు నిన్నమొన్న నేర్చుకున్నవి. మొదటిసారి అక్కా డాక్టరమ్మాయీ ఒకే మాట ఒకేసారి అనేశారు, ఏదో కోరస్ పాడినట్టు. అందరూ పడీపడీ నవ్వారు, అక్క అందరికన్నా ఎక్కువ నవ్వింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో మాత్రం చిన్ని మణికట్టు పట్టుకుని దిగే దాకా వదల్లేదు. ఆ తర్వాత ఇంకో మూడుసార్లు అయింది. రెండుసార్లు చిన్ని సమయానికి అందించి కప్పిపుచ్చింది, డాక్టరమ్మాయికి కూడా తెలియలేదు. అక్కకి తెలిసింది. అందుకే అద్దం ముందు ఆ మాట.

నాలుగో పేజీ. అక్క గుడ్డముక్కలు మడతపెడుతూ, ఎవరి పెళ్ళిబట్ట ఏదో చెప్తోంది, హాల్లో అక్కడక్కడా నవ్వులు. బాగుంది, బాగుంది. ఇవాళ పొద్దున కారిడార్‌లో నలభై ఏళ్ళ ఫొటోలు పెట్టారు, నిలువెత్తు సైజుకి పెంచి. అక్క పదకొండు ఫొటోల్లో ఉంది. లైట్లాయన నిచ్చెన మీద ఒకదాంట్లో ఉన్నాడు, పాపం అప్పుడు జుట్టు ఎంతుండేదో. చిన్ని ఒక్కదాంట్లో ఉంది, మొదటి ఏడుది, తెర అంచు పక్కన మోచేయి, పుస్తకం అట్టలో ఓ మూల. ఆ మోచేతిని ముందు కనిపెట్టింది మొగుడే. ఎక్కడున్నా ఈ మోచేతిని గుర్తుపడతాను, ఇన్నేళ్ళుగా నా పక్కటెముకల్లో పొడుస్తోంది అన్నాడు, కమిటీ సెక్రటరీ వినేలా. సెక్రటరీ మర్యాదకి నవ్వి, మీ ఫొటో వేరేది ఏమైనా ఉందా అమ్మా అని అడిగాడు. లేదు. ఉండాలని ఎప్పుడూ అనిపించలేదు కూడా. ఇది తను జనంతో చాలాసార్లు చెప్పింది, ఎవరూ నమ్మరు, తెర చాటున కూర్చున్న వాళ్ళందరికీ లైటు కింద నిలబడాలని ఉంటుందనుకుంటారు. చిన్నికి ఇక్కడి నుంచి కనిపించేదే ఇష్టం. హాలు నుంచి చూసేవాళ్ళకి మొహాలు కనిపిస్తాయి, ఇక్కడి నుంచి వీపుల వెనక కట్టిన తాళ్ళు, చెమట, ఏడుపు సీనుకి ముందు ముక్కు చీదుకోవడం, అన్నీ కనిపిస్తాయి. మనుషులు ఇక్కడి నుంచే ముద్దొస్తారు.

ఆరో పేజీలో పెన్సిలు గీతలున్నాయి, మూడు నిలువు గీతలు. ఒక గీత అంటే ఊపిరి తీసుకుంటారు. రెండంటే ఆగుతారు. మూడంటే కొంప మునిగినా నోరు మెదపకూడదు. ఈ గీతల పద్ధతి మొదలైంది చిన్ని చేసిన తప్పు నుంచే. ఆ మొదటి ఏడు, ఇదే నాటకం, సరిగ్గా ఇక్కడే అక్క కావాలని ఆగింది, తల్లి చేతులవైపు చూస్తూ ఆగింది, హాలంతా బిగుసుకుపోయింది. ఇరవై మూడేళ్ళ చిన్నికి గుండె ఆగినంత పనై, మాట అందించేసింది, అందించడం కూడా కాదు, కంగారులో దాదాపు అరిచింది. ముందు వరుస వాళ్ళు పక్కకి తిరిగి చూశారు. అక్క ఆ మాట అనేసి నాటకం ముగించి, లోపలికొచ్చి, నేను మరిచిపోలేదే, ఆలోచిస్తున్నాను అంది, అని నెలరోజులు మాట్లాడలేదు. అమ్మే ఇద్దరి మధ్యా కబుర్లు మోసింది. చివరికి అక్కే ఒక పెన్సిలు కొనుక్కొచ్చి, పుస్తకం తీసుకుని పక్కన కూర్చుని, ఇక్కడ ఒకటి, ఇక్కడ రెండు, ఇక్కడ మూడు అని గీయించింది. అవతలి మనిషి మౌనాన్ని ఎలా చదవాలో చిన్నికి నేర్పింది ఆ పెన్సిలే. మొగుడి దగ్గరా పనికొచ్చింది అది, పిల్లల దగ్గరా. పెద్దాడిది రెండు గీతల మౌనం, చిన్నదానిది మూడు.

డాక్టరమ్మాయి ఇప్పుడు ఆగింది ఆ మూడు గీతల దగ్గర, బాగా ఆగింది, అక్క ఎలా ఆగేదో అలా కాదు, ఇంకోలా, పళ్ళు బిగపట్టి. ఎవరూ దగ్గలేదు. వానల ఏడు ఇదే హాలు కప్పు కారింది, ఒక వయొలిన్ ఆయన వాద్యం మీద గొడుగు పట్టించుకుని రెండు గంటలు వాయించాడు, గొడుగు పట్టుకున్నది చిన్నీయే, చెయ్యి లాగేసి మర్నాడు చెంచా పట్టుకోలేకపోయింది. ఇంకో ఏడు పదకొండు మందే వచ్చారు, రంగం మీద పదముగ్గురున్నారు, అయినా ఆడారు, ఆ పదకొండు మందీ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వీధుల్లో బొమ్మలేసేవాళ్ళు, అటు పార్కులో డప్పులు, ఇటు లైబ్రరీ మెట్ల మీద కవిత్వాలు, వారం రోజులు నగరమంతా పని మానేసి ఎక్కడెక్కడో నిలబడిపోతుంది. ఆ వారం ఇంట్లో వంట మొగుడిది. ఉప్పు ఎక్కువ, సణుగుడు తక్కువ. ఇంతకన్నా ఏం కావాలి మనిషికి అని చిన్నికి నిజంగానే అనిపిస్తుంది, ఇవాళ కూడా అనిపిస్తోంది, ఇంత భయంలోనూ. అక్క మానేస్తే ఈ పీట ఉంటుంది, ఎదురుగా వేరే ఎవరో ఉంటారు. వాళ్ళ ఊపిరి ఎప్పుడు లోపలికి పోతుందో తనకి తెలియదు. నేర్చుకోవాలి. నేర్చుకోబుద్ధి కావట్లేదు. అక్కకి నాటకం లేకపోతే ఏముంటుంది, బావ పోయాక ఆ మూడు గదుల్లో టీవీ పెట్టుకుని దాని మీద కసురుతూ కూర్చుంటుంది. మాటలు పోవడం కాదు, ముందు మనిషే పోతుంది.

పదో పేజీ. వేలు ఆగింది. చిన్ని కూడా ఆగింది. ఇక్కడే. తల్లి అనాలి, ఈ మిషను మాత్రం లారీ ఎక్కించొద్దు, నేనే మోసుకొస్తాను అని. అనేసింది, చక్కగా అనేసింది. ఇప్పుడు కూతురు. డాక్టరమ్మాయి నోరు తెరిచింది, అదే క్షణంలో అక్క మిషను మీద చెయ్యి వేసి, ఎవరో లోపల నుంచి తోసినట్టు, చిన్నప్పటి గొంతుతో, "దీనికేముంది, ఇనుమేగా. అమ్మేద్దాం" అంది.

కూతురి మాట. తల్లి నోట్లోంచి.

డాక్టరమ్మాయి తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఆ పిల్లకి ఇంక అనడానికేముంది, తన మాట అవతలి మనిషి తినేసింది. అక్క మొహం పాలిపోవడం చిన్నికి అట్టతలుపు సందులోంచి కనిపించింది. తెలిసింది అక్కకి, ఏమన్నదో తెలిసింది. పుస్తకంలో ఇక్కడ గీతలు లేవు, ఒక్కటీ లేదు, ఇది ఎవరూ గీయని మౌనం. అందించాలా? ఏం అందించాలి? తర్వాతి తల్లి మాట కింద వేలు ఉంది, కానీ తల్లే అమ్మేద్దామన్నాక ఆ జవాబు ఎవరికిస్తుంది? రెండు ముక్కలు గాలిలో వదిలితే అక్క పట్టుకుంటుంది, పట్టుకుని చెప్తుంది, నాటకం ఎలాగో కుంటుకుంటూ ముగుస్తుంది, ఆ తర్వాత అక్క మొహానికున్న రంగు కడుక్కుని, చెప్పానుగా అంటుంది. అందించకపోతే నలభయ్యో ఉత్సవంలో, నిండు హాల్లో, అక్క ఇలా నిలబడిపోతుంది. రెండో వరుసలో ఎవరో పక్కవాళ్ళ వైపు వంగారు. లైట్లాయన పైనుంచి తన వైపే చూస్తుంటాడు. చిన్ని ఊపిరి తీసుకుంది, పెదవులు తడుపుకుంది, అక్క ఊపిరి లోపలికి పోయే క్షణం కోసం చూసింది. అక్క ఊపిరి తియ్యలేదు. తలుపు వైపు తిరిగింది.

"చిన్నీ, లోపలున్నావా?"

లోపల ఎవరూ లేరు. నాటకంలో లోగది ఖాళీ, పుస్తకంలో రాసి ఉంది. డాక్టరమ్మాయి కళ్ళు ఇంతలేసి చేసుకుని తలుపు వైపు చూసింది, హాలు మొత్తం తలుపు వైపు చూసింది. చిన్ని అలవాటు కొద్దీ, ఉన్నా అని గుసగుసలాడింది.

"గట్టిగా చెప్పవే. వినపడట్లేదు."

హాల్లో నవ్వు. పెద్ద నవ్వు. పన్నెండో ఏడు ఒక నటికి జ్వరమొస్తే మాటలన్నీ వచ్చింది నీకే కదా అని చిన్నిని లైటు కిందికి తోశారు, అప్పుడు గొంతు తెరిస్తే గాలే వచ్చింది, నాలుగో మాటకి తెర దించేశారు. ఆ ముక్క ఇప్పుడే గుర్తురావాలా. అయితే ఇక్కడ లైటు లేదు, పీట ఉంది, పుస్తకం ఉంది, తలుపవతల అక్క ఉంది. పాలవాణ్ణి పిలిచే గొంతు, మేడ మీద ఆడే పిల్లల్ని అన్నానికి పిలిచే గొంతు, మొగుడు మైకు అన్న గొంతు, అది ఎక్కడో కింది నుంచి బయల్దేరింది.

"ఉన్నానక్కా."

నాలుగో వరుసలో ఒక మనిషి ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. అది చిన్ని చూసింది, చూసి నవ్వొచ్చింది, నవ్వు రాగానే గొంతు వణుకు పోయింది. అక్క మిషను దగ్గర నుంచి రెండడుగులు తలుపు వైపు వేసింది. ఇప్పుడు చాలా దగ్గరగా ఉంది, అట్ట ఒక్కటే అడ్డం.

"అమ్మేద్దాం, ఇనుమేగా అని వయసులో ఉన్నప్పుడు నేనూ ఇలాగే అన్నాను కదే. అప్పుడు అమ్మ నాకేం జవాబు చెప్పింది?"

నిజమే, అక్క అన్నది, కూతురి వేషంలో. ఈ రంగం మీదే అన్నది. వేలి కింద ఉన్న తల్లి జవాబు కోసం చిన్ని పుస్తకం వైపు చూడలేదు. "ఇనుమేనంది. ఈ ఇనుము తొక్కీ తొక్కీ నా కాళ్ళు ఇనుమయ్యాయి, అందుకే నువ్వు మెత్తగా పెరిగావంది." ఒక్క 'స' కూడా మింగలేదు, మింగాల్సిన పని లేదు, మాట మొత్తంగా, పైనుంచి కింది దాకా, వెనక వరుస గోడకి వెళ్ళి తగిలింది. తన గొంతు ఆ హాల్లో ఎలా ఉంటుందో చిన్నికి మొదటిసారి తెలిసింది. ఫరవాలేదు, బాగానే ఉంది. అమ్మ గొంతులా ఉంది.

అక్క కూతురి వైపు తిరిగి, "విన్నావుగా. నేనూ నీకు అదే చెప్తున్నా" అంది. డాక్టరమ్మాయి తెలివైన పిల్ల, పిన్నికి కూడా చెప్పి పెట్టుకున్నావా నువ్వు అని కొత్త మాట ఒకటి విసిరి, కోపంగా తన పాత దారిలోకి వచ్చేసింది. బండి పట్టాలెక్కింది. వేలు మళ్ళీ నడిచింది, చిన్నికి వేలు నడుస్తోందని కూడా తెలియలేదు, చెంపలు వేడిగా ఉన్నాయి, ఒళ్ళంతా తేలిగ్గా ఉంది. ఇది అందించడం కిందికి వస్తుందా? రాదు. అడిగితే జవాబు చెప్పింది. అందిస్తే ఆఖరి నాటకమంది గానీ, చెల్లెలు మాట్లాడితే ఆఖరిదని అనలేదుగా. అక్క దీన్ని ప్లీడరులా వాదిస్తుంది, ఓడిపోదు. వచ్చే ఏడు ఏ నాటకమైనా సరే, దాంట్లో ఒక లోగది పెట్టించాలి, లోపలొక పిన్నినో అత్తనో కూర్చోబెట్టాలి. సెక్రటరీ కిర్రుకిర్రుమనే కొత్త బూట్లతో తెర చాటుకి వచ్చి, ప్రోగ్రాము కాగితం లైటు కింద తిప్పి తిప్పి చూస్తున్నాడు, ఆ పాత్ర పేరు దాంట్లో ఎక్కడుందా అని.

చివరి పేజీ. సామాను పోయింది, లారీ చప్పుడు వినిపించింది, మిషను మీద బట్ట కప్పింది అక్క. ఆఖరి మాట ఒకటే, కూతురితో, "పద". అంతే. దాన్ని ఎవరూ మరిచిపోలేరు, గోడలు కూడా మరిచిపోవు. అక్క అనలేదు. తలుపు దగ్గరికి వచ్చింది, సందులోంచి ఒక కన్ను సూటిగా చిన్ని కళ్ళలోకి చూసింది, ఆ కంట్లో ఇరవై ఎనిమిదేళ్ళప్పటి కొంటెతనం నిండుగా ఉంది.

"ఇప్పుడేమనాలే నేను?"

మరిచిపోలేదు. మరిచిపోలేదని చిన్నికి తెలుసు, తెలుసని అక్కకీ తెలుసు. హాలంతా నవ్వడానికి సిద్ధంగా ముందుకు వంగి ఉంది.

"పద, అనాలి" అంది చిన్ని, హాయిగా, గట్టిగా.

"అయితే నువ్వూ పద" అంది అక్క, తలుపు తీసి పట్టుకుని.

పుస్తకంలో ఆ మాట లేదు. చిన్ని పేజీ మీంచి వేలు తీసేసి, చీర కుచ్చెళ్ళు దులుపుకుని, పీట మీంచి లేచింది.